సున్నా దగ్గర ముల్లు

మా ఆయన డాక్టర్ ముక్తేశ్వరరావు గారు న్యాయాన్ని కొలిచే యంత్రం కనిపెట్టారు. 'గారు' అన్నది నోటికి అలవాటై వచ్చింది, గౌరవం కొద్దీ కాదు. భీమవరం అవతల రొయ్యలు ఒలిచి, గడ్డకట్టించి, పెట్టెల్లో సర్ది ఓడలెక్కించే ఫ్యాక్టరీ ఒకటుంది. కింద మూడొందల మంది చలిలో నిలబడి రొయ్యలు ఒలుస్తారు. పైన అద్దాల గదిలో ఈయన కూర్చుని ఆ ఒలిచేవాళ్ళ మనసులు ఒలుస్తారు. ఆ గదికి పరిశోధనశాల అని పేరు. నా ఉద్యోగం కింద. పనిలోకి వచ్చేవాళ్ళకి టోపీలు, గ్లౌజులు, బూట్లు ఇచ్చి మళ్ళీ తీసుకునే గది నాది.

యజమాని చక్రధర్ గారు విదేశాల్లో మేనేజ్‌మెంట్ చదివొచ్చిన మనిషి. ఆయనకి ఒకటే బెంగ. ఒకడికి బహుమతి ఇస్తే వాడు ఎగిరి గంతేస్తాడు, పక్కన పదిమంది మొహాలు మాడ్చుకుంటారు. ఒకడికి శిక్ష వేస్తే వాడు ఏడుస్తాడు, పదిమంది వాడి చుట్టూ చేరి గుసగుసలాడతారు. ఇచ్చినా, కొట్టినా పనే తగ్గుతోంది. దీనికి మందేమిటని ఆయన అడిగితే మా ఆయన కళ్ళజోడు సవరించుకుని చెప్పారు.

"బహుమతీ, శిక్షా ముఖ్యం కాదు సార్. 'నాకు అన్యాయం జరిగింది' అనే మంట ఉంటుంది చూడండీ, పనిని తినేసేది అది. ఎవరికి ఎంత మంట పుడుతోందో తెలిస్తే, ఎవరికీ పుట్టకుండా పంచుకోవచ్చు."

చక్రధర్ గారు లేచి చెయ్యి కలిపారు. అద్దాల గది అలా వచ్చింది.

యంత్రానికి 'సమతుల' అని పేరు పెట్టారు. తలకి ఓ టోపీ, గోడకి ఓ గుండ్రటి అద్దం, ఆ అద్దం వెనక ఓ ముల్లు. నిజానికి పనంతా కంప్యూటరే చేసుకుంటుంది, ముల్లు అక్కర్లేదు. కానీ చూడ్డానికొచ్చే పెద్దమనుషులకి ముల్లు కదిలితేనే నమ్మకం. మంట లేకపోతే ముల్లు ఎడమవైపు సున్నా దగ్గర ఉంటుంది, మంట పెరిగేకొద్దీ కుడికి జరుగుతుంది. ఇంతే సంగతి.

చిక్కల్లా ఆ సున్నా దగ్గరే వచ్చింది. ఏ అన్యాయమూ జరగని మనిషి ఒకరు కావాలి. ఆ మనిషి మనసు కొలిచి అక్కడ సున్నా గీత గీసుకోవాలి. అసిస్టెంట్లందరికీ టోపీ పెట్టి చూశారు, ఒక్కొక్కడి ముల్లు కుడికి పరిగెత్తింది. తనే పెట్టుకుని చూసుకున్నారు. ముల్లు ఆ చివరికి పోయి టక్కున తగిలింది. ఎప్పుడో యూనివర్సిటీలో తనకి రావలసిన మెడల్ పక్కవాడికి ఇచ్చారట, ఆ మంట ఇంకా ఆరలేదు. "సెన్సర్ మరీ సున్నితంగా ఉంది" అని టోపీ తీసేశారు.

నేను క్యారేజీ తీసుకుని పైకి వెళ్ళింది ఆ మధ్యాహ్నమే.

"హైమా, ఇలా కూర్చో. ఇది పెట్టుకో."

పెట్టుకున్నాను. ముల్లు సున్నా దగ్గర పడుకుంది.

"పరీక్ష చెయ్యాలి. కొన్ని మాటలంటాను, ఏమీ అనుకోకు," అని మొదలుపెట్టారు. "నీకు గర్భసంచి ఆపరేషన్ అయిన రోజు నేను ఆసుపత్రికి రాలేదు. సెమినార్‌కి వెళ్ళాను."

ముల్లు కదల్లేదు.

"మీ నాన్న పెద్దకర్మకి నిన్ను పంపలేదు. మా ప్రొఫెసర్ భోజనానికి వస్తున్నాడని ఆపేశాను."

కదల్లేదు.

"నువ్వు వంటింట్లో పాడుకుంటూ ఉంటే చికాకుగా ఉందన్నాను. ఆ తర్వాత నువ్వు పాడలేదు."

ఊహూఁ.

నేను ముల్లు సంగతి పట్టించుకోలేదు. ఆయన మొహంలోకే చూస్తూ కూర్చున్నాను. ఓరి నాయనో, ఈయనకి ఇవన్నీ గుర్తున్నాయన్నమాట! పరిశోధనలో పడి మర్చిపోతారు పాపం అని ఇన్నేళ్ళూ చుట్టాలందరికీ నేనే సర్దిచెప్పుకుంటూ వచ్చాను. మర్చిపోలేదు. తలలో వరసగా పేర్చి పెట్టుకున్నారు, పరీక్షకి పనికొస్తాయని.

"అద్భుతం!" అని ఆయన కుర్చీలోంచి లేచారు. "పూర్తి న్యాయం పొందిన మనిషి నా ఇంట్లోనే ఉంది! నేను బయటెక్కడో వెతుకుతున్నాను." అసిస్టెంట్లని పిలిచి, నన్నూ నా ముల్లునీ చూపించారు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. క్యారేజీలో పప్పు చల్లారిపోయింది.

ఈ మహామేధావికి తెలియని సంగతి ఒకటుంది. అన్యాయం జరిగిందని మనసు మండాలంటే, అవతలి మనిషి దగ్గర మనకేదో దొరుకుతుందన్న ఆశ ఉండాలి. గోడ మన కష్టం అడగలేదని ఎవరికైనా కోపం వస్తుందా? ఈయన దగ్గర నేను ఆశపడటం ఎప్పుడో మానేశాను. నాలో మంట లేదు, ఉన్నది అసహ్యం. అది చప్పుడు చెయ్యదు, చల్లగా ఉంటుంది, ముల్లుని కదపదు. ఆ అసహ్యం దగ్గర సున్నా గీత గీసి, దానికి న్యాయమని పేరుపెట్టి, మూడొందల మంది నెత్తిన పెట్టారు.

మా ఫ్యాక్టరీలో అందరూ ఎలాగూ టోపీ పెట్టుకోవలసిందే, వెంట్రుక పడితే సరుకు వెనక్కి వస్తుంది. ఆ టోపీల అంచుల్లోనే సన్నటి తీగ కుట్టించారు. ఇదేంటమ్మా అని అడిగినవాళ్ళకి ఆరోగ్యం కోసమని చెప్పమన్నారు. నేను చెప్పలేదు. "మీ మనసులో ఏముందో పైన తెలుస్తుందట" అన్నాను. వాళ్ళు పగలబడి నవ్వారు. "తెలియనీండమ్మా, తెలిత్తే మంచిదేగా" అని పెట్టుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడు మా తమ్ముడి సంగతి చెప్పాలి. ఈ కథ వాడిదే.

సూరిబాబు చిన్నప్పుడే మా అమ్మ పోయింది. వాణ్ణి నేనే పెంచాను. నా పెంపకంలో ఏం తేడా వచ్చిందో కానీ, వాడి నోట "నేను కాదు" అన్న మాట పుట్టినప్పటి నుంచీ రాలేదు. బస్సులో ఎవడైనా కాలు తొక్కితే "నా కాలు అడ్డమొచ్చిందండి" అంటాడు. కూరలో ఉప్పెక్కువైతే "నా నోరు బాగోలేదు" అంటాడు. ఫ్యాక్టరీలో కోల్డ్ రూమ్ పని వాడిది. పనిమంతుడు, మిషన్ చప్పుడు రవ్వంత మారితే అన్నం ముందునుంచి లేచి పరిగెడతాడు. వాడికి వాళ్ళ బావంటే దేవుడు. మా మామగారు పోతే మా ఆయన ఫారిన్‌లో ఉన్నారు. ఆయన వచ్చేదాకా శవం దగ్గర కూర్చున్నదీ, పాడె మోసిందీ సూరిబాబే.

సమతులకి దురుద్దేశం ఏమీ లేదు లెండి. అది లెక్క చూసుకుంటుంది. ఒక శిక్ష పడాలి, ఎవరికి వేస్తే మొత్తం మంట తక్కువ? ఎవడి మనసు మండదో వాడికి. ఒక బహుమతి ఇవ్వాలి, ఎవరికిస్తే మంట చల్లారుతుంది? ఎవడు ఎక్కువ మండిపోతున్నాడో వాడికి. చక్రధర్ గారి బావమరిది కిశోర్ షిఫ్టు ఇన్‌చార్జి. వాడికి టీలో పంచదార తగ్గితే అన్యాయం, ఎవరైనా ముందు దణ్ణం పెట్టకపోతే అన్యాయం. వాడి ముల్లు ఎప్పుడూ కుడి చివరే. అందుకని ప్రతి నెలా ఉత్తమ ఉద్యోగిగా వాడి ఫొటోయే గోడెక్కింది. సూరిబాబు ముల్లు సున్నా దగ్గర. వాడికి రొయ్య తలకాయల గంపలు మొయ్యడం, సెలవులు రద్దు, తప్పు చేశాడని పేరు మీద నల్లచుక్కలు. వాడి కూతురి అక్షరాభ్యాసం రోజున కూడా సెలవు ఇంకొకడికి పోయింది. ఆ ఇంకొకడి మంట ఎక్కువట.

పని పెరిగింది. ఎందుకు పెరగదూ? సణిగేవాళ్ళందరికీ ఏదో ఒకటి దొరికింది. "ఫ్యాక్టరీలో న్యాయం నూటికి తొంభై ఏడు" అని మా ఆయన మీటింగులో చెప్తే చక్రధర్ గారు శాలువా కప్పారు.

ఆ తర్వాత జరిగింది పై అద్దాల గదిలోంచి కనపడలేదు. కింద జనం వెర్రివాళ్ళు కాదు, ఏ తప్పు జరిగినా సూరిబాబు మీదే పడుతోందని వాళ్ళకి అర్థమైపోయింది. అక్కడినుంచి ఒక కొత్త అలవాటు పుట్టింది. ఐసు తక్కువ వేసినవాడు, తూకం సరిగా చూడనివాడు, సరుకు నేల మీద పడేసి మళ్ళీ ఎత్తినవాడు, వెళ్తూ వెళ్తూ సూరిబాబు భుజం తట్టి "ఏమనుకోకు తమ్ముడూ" అనేవాడు. వాడు నవ్వి "పర్లేదండి" అనేవాడు. సాయంత్రానికి వాడి పేరు మీద చుక్క పడేది. బూట్లు ఇచ్చేటప్పుడు నేను చూస్తూనే ఉన్నాను. ఒళ్ళు మండిపోయేది. వాడి మీద కూడా మండేది.

ఒక మధ్యాహ్నం కిశోర్ ఫోన్ మాట్లాడుకోవడానికి కోల్డ్ రూమ్ తలుపు తీసి, మూసుకుపోకుండా ఓ క్రేటు అడ్డం పెట్టి, మాట్లాడుతూ మాట్లాడుతూ గేటు వైపు వెళ్ళిపోయాడు. సూరిబాబు అప్పుడు తలకాయల గంపలు మోస్తూ ఫ్యాక్టరీ ఆ చివర ఉన్నాడు. తెరిచి ఉన్న తలుపు ముందునుంచి చాలామంది నడిచి వెళ్ళారు. ఒక్కడూ క్రేటు తన్నలేదు. ఎవడి తప్పయినా పడేది ఒకడి మీదే కదా, నాకెందుకు అనుకున్నారు. లోపలి సరుకంతా పాడైపోయింది. ఆ వాసన నా గదిదాకా వచ్చింది.

యంత్రం తీర్పు చెప్పింది. సూరిబాబుని ఉద్యోగంలోంచి తీసెయ్యాలి.

ఆ సంగతి ఆయన ఇంట్లో అన్నం తింటూ చెప్పారు, మజ్జిగ పోసుకుంటూ.

"తలుపు తీసింది వాడు కాదు కదండీ," అన్నాను.

"కాదు. కిశోర్. నేను పైనుంచి చూశాను."

"చూసి?"

"చూసి ఏమిటి? ఎవరు తీశారన్నది పాత పద్ధతి హైమా. కిశోర్‌కి శిక్ష వేస్తే వాడు మండిపోతాడు, వాళ్ళ అక్క మండిపోతుంది, చక్రధర్ గారు మండిపోతారు. సూరికి బాధ లేదు. నువ్వే వచ్చి ముల్లు చూసుకో. బాధే లేనివాడికి అన్యాయం ఎలా జరుగుతుంది?"

ఇంత చదువు చదివి ఈ ముక్క అనడానికి నోరెలా వచ్చిందా అని చూశాను. మీసానికి మజ్జిగ అంటుకుని ఉంది. తుడుచుకోమని చెప్పలేదు.

"పైగా మనవాడే కాబట్టి, నాకు పక్షపాతం లేదని కూడా తెలుస్తుంది," అన్నారు. "ఎల్లుండి చుట్టుపక్కల రొయ్యల ఫ్యాక్టరీల యజమానులందరూ వస్తున్నారు, కాకినాడ నుంచీ, నెల్లూరు నుంచీ. వాళ్ళ ముందే తీసేస్తాం. ముల్లు కదలదు. అది చూస్తే అందరూ సమతుల కొంటారు. నువ్వు పక్కన కూర్చోవాలి, సున్నా నీదే కదా."

వచ్చేవాళ్ళందరూ యజమానులే. వాళ్ళ కళ్ళ ముందు సరుకు పాడుచేసినవాడని పేరుపడితే, ఈ సముద్రం ఒడ్డున ఏ ఫ్యాక్టరీ కూడా వాణ్ణి గేటు దాటి రానివ్వదు. వాడికి వేరే పని రాదు. మర్నాడు పొద్దున్నే వాడింటికి వెళ్ళాను. వాడు గుమ్మంలో కూర్చుని కూతురికి జడ వేస్తున్నాడు.

"సూరీ, నువ్వు కాదని చెప్పరా. ఒక్కసారి నోరు తెరువు."

"చెప్తే ఏటవుద్దక్కా? ఇంకోడి మీద పడుద్ది. ఆడికి బాధెక్కువంట గదా."

"నీకు లేదా?"

వాడు ఆలోచించాడు. నిజంగానే లోపల వెతుక్కున్నట్టు ఆలోచించాడు. "ఏవోనక్కా. బావగారి యంత్రం లేదంటంది మరి. నేనే ఏదో చేసుంటాను. ఆ తలుపు గడియ కూడా వదులుగానే ఉంది, ముందే చూసుకోవాల్సింది."

"ఒరేయ్ వెధవా! క్రేటు అడ్డం పెడితే గడియ ఏం చేస్తుందిరా?"

"ఊరుకో అక్కా. నీ ముల్లు కూడా సున్నాయేనంట గదా. బావగారు మీటింగులో అందరికీ చెప్పేరు. నాకెంత సంతోషం అనిపించిందో. నిన్నంత బాగా చూసుకునే మనిషి, నాకు అన్యాయం చేత్తారా?"

నీ బావంటే నాకు అసహ్యంరా అని, కూతురికి రిబ్బను కడుతున్న మనిషితో ఎలా చెప్పను? టీ తాగి వచ్చేశాను.

చెప్పిన రోజున క్యాంటీన్ హాల్లో స్టేజీ కట్టారు. ముందు వరసలో యజమానులు, వెనక మా జనం, టోపీలతోనే. స్టేజీ మీద రెండు కుర్చీలు, రెండు అద్దాలు. ఒక కుర్చీలో నేను, ఒక కుర్చీలో సూరిబాబు, ఇద్దరి తలలకీ అద్దాలకి తీగతో కలిపిన టోపీలు. వాడు ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చాడు. ఉద్యోగం పోగొట్టుకోవడానికి తల దువ్వుకుని వచ్చాడు!

మా ఆయన మైకు పట్టుకున్నారు. నా ముల్లు చూపించి, "ఈమె నా భార్య. పూర్తి న్యాయం పొందిన మనిషి మనసు ఇలా ఉంటుంది," అన్నారు. ముందు వరస నవ్వి చప్పట్లు కొట్టింది. తర్వాత సూరిబాబు వైపు తిరిగారు. "ఈ ఉద్యోగి నిర్లక్ష్యం వల్ల సరుకంతా పాడైంది. ఇతన్ని ఈ క్షణం నుంచీ తొలగిస్తున్నాం. ముల్లు చూడండి."

సూరిబాబు చేతులు కట్టుకుని తలూపాడు. ముల్లు రవ్వంత వణికి ఆగిపోయింది. "ఆహా" అన్నాడు నెల్లూరు పెద్దమనిషి.

నేను లేచాను. టోపీ తీగ లాగినట్టయింది.

"ఏవండీ, ఆ తలుపు ఎవరు తీశారో మీకు తెలుసు. మీ కళ్ళతో చూశారు. వాడి పేరు చెప్పమని కూడా అడగను. సూరి కాదు అని ఒక్క మాట అనండి. చాలు."

ఆయన నాకేసి చూశారు. మైకు దించారు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుంటూ సూరిబాబు మొహంలోకి చూశారు. చాలాసేపు చూశారు. మా మామగారి శవం దగ్గర కూర్చున్న పిల్లవాడు గుర్తొచ్చాడో ఏమో, నోరు తెరిచారు. "తలుపు..." అన్నారు.

అప్పుడు, ఛీ, నాకే సిగ్గుగా ఉంది చెప్పడానికి, అంటారు అనుకున్నాను. ఈయన అంటారు, ఇన్నేళ్ళకి ఒక్క మంచి మాట ఈ నోట్లోంచి వస్తుంది అనుకున్నాను.

ముందు వరసలో చక్రధర్ గారు దగ్గారు.

"తలుపు విషయం యంత్రం చూసుకుంది," అన్నారు మా ఆయన. కళ్ళజోడు పెట్టేసుకున్నారు.

టక్కుమని చప్పుడైంది. నా అద్దంలో ముల్లు ఆ చివరికి పోయి కొట్టుకుంది. కొట్టుకుని, అక్కడే నిలబడి అదురుతోంది. ఆపరేషన్ మాటకి కదలనిది, మా నాన్న పెద్దకర్మకి కదలనిది, ఇప్పుడు కదిలింది. ఒక్క క్షణం ఆశపడ్డాను కదా, దానికి శిక్ష. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. యజమానులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

సూరిబాబు మాత్రం ఆ అద్దాన్నే చూస్తున్నాడు. వాడు నా మొహం చూసి ఎన్నడూ ఏదీ కనిపెట్టలేదు. వాడికి నమ్మకం బావగారి ముల్లు మీద. ఆ ముల్లే ఇప్పుడు వాడికి చెబుతోంది, నీ అక్క సుఖంగా లేదురా అని. వాడు అద్దాన్ని చూసి, నన్ను చూసి, మళ్ళీ అద్దాన్ని చూశాడు.

"ఏమీ లేదు, వైరు వదులైంది," అంటూ మా ఆయన గబగబా వచ్చి నా అద్దం మీద వేలితో టకటక కొట్టారు.

వైరు వదులైందట! ఒక ఆడది నలుగురిలో నిలబడి ఏడుస్తుంటే, వచ్చి అద్దం కొడుతున్నారు. నాలో ఉన్న ఆ కాస్త ఆశా అక్కడికక్కడే చచ్చింది. పాత అసహ్యం వచ్చి దాని చోట్లో కూర్చుంది, చల్లగా. ముల్లు జారుకుంటూ వచ్చి సున్నా దగ్గర ఆగింది.

"చూశారా, సరైపోయింది!" అన్నారాయన, మొహం వెలిగిపోతూ. ముందు వరస తేలికపడి చప్పట్లు కొట్టింది. కాకినాడాయన "దెబ్బకి దారికొచ్చిందండోయ్" అని నవ్వాడు.

ఆ చప్పట్లలో ఇంకో టక్కుమనే చప్పుడు నాకు వినపడింది. ఈసారి నాది కాదు.

సూరిబాబు లేచి నిలబడ్డాడు. మాట బయటికి రావడానికి చాలా కష్టపడింది, ఎప్పుడూ వాడని మాట కదా.

"ఆ తలుపు తీసింది నేను కాదండి," అన్నాడు.

ముందు వరసకి వినపడలేదు. వాడు మళ్ళీ అన్నాడు, ఈసారి హాలు చివరిదాకా వినపడింది. "నేను కాదు! ఆ కిశోర్ గారు క్రేటెట్టి ఎళ్ళిపోయేరు. మీరందరూ చూసేరు. నా భుజం తట్టి ఎళ్ళేరు."

చప్పట్లు ఆగిపోయాయి. వెనక వరసల్లో జనం తలలు దించుకున్నారు. కిశోర్ అరుస్తూ లేచాడు, వాడి అరుపు ఎవరూ వినలేదు. మా ఆయన పరుగున సూరిబాబు అద్దం దగ్గరికి వెళ్ళి, దాని మీద కూడా వేలితో కొట్టారు. ముల్లు కుడి చివర నుంచి కదల్లేదు. పిడికిలితో కొట్టారు. కదల్లేదు. తీగలు లాగి చూశారు, మళ్ళీ కొట్టారు.

సూరిబాబు వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. నేను పెంచిన పిల్లవాడు, ఎవరి చెయ్యీ ఎప్పుడూ పట్టుకుని ఆపనివాడు, గట్టిగా పట్టుకున్నాడు.

"దాన్నెందుకండి కొడతారు బావగారూ," అన్నాడు. "నాకేసి చూడండి."